సూరిబాబుకి, పర్లాకిమిడి నుంచి

ఒరేయ్ సూరిబాబూ,

గుణుపూర్‌లో ప్లస్ టూ చదివితే పిల్లాడికి వైజాగ్‌లో సీటు వస్తుందా రాదా అని ఫోన్‌లో అడిగావు కదా. అప్పుడు బజార్లో ఉన్నాను, పైగా ఇది రెండు ముక్కల్లో తేలే విషయం కాదు.

మన ఒడిశా ప్లస్ టూ, ఆంధ్రా వాళ్ల ఇంటర్ ఒకటే. సర్టిఫికెట్ చెల్లదని ఎవరన్నా నమ్మకు. మార్కుల లెక్కే తేడా, ఇక్కడ సైన్సుకి 600, అక్కడ 1000. మా అమ్మాయికి 452 వచ్చాయంటే ఆంధ్రా వైపు పాతపట్నంలో ఉన్న మా అత్తగారు "వెయ్యికి ఇంతేనా తల్లీ, పోనీలే, పాసయ్యావు" అని ఓదార్చింది!

చిక్కంతా లోకల్ దగ్గరే. ఆంధ్రాలో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకి. లోకల్ అంటే ఇంట్లో తెలుగు మాట్లాడటం కాదురా, ఇంటర్‌తో కలిపి చివరి నాలుగేళ్లు వరసగా అక్కడే చదివుండాలి, అంటే తొమ్మిదో తరగతి నుంచి. పదయ్యాక పార్వతీపురంలో ఇంటర్‌కి వేస్తానన్నావు చూడు, అది రెండేళ్లే అవుతుంది, లోకల్ కోసమే అయితే హాస్టల్ ఫీజు దండగ. మీవాడు ఇంకా ఎనిమిదే కాబట్టి పంపితే వచ్చే ఏడే పంపాలి.

నన్నడిగితే పంపొద్దు. ఎన్ఐటీలని కేంద్రం ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి కదా, వాటిల్లో సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్లకి, ఆ సొంత రాష్ట్రం ఏదన్నది పన్నెండు ఎక్కడ పాసయ్యాడన్నదాన్ని బట్టే చూస్తారు. ఇక్కడ చదివితే మన రూర్కెలా ఎన్ఐటీలో ఆ సగం మనకి, అక్కడ చదివితే అది పోయినట్టే. వాటి ప్రవేశ పరీక్ష జేఈఈ మెయిన్ తెలుగులోనూ రాయొచ్చు, ఒడియాలోనూ రాయొచ్చు. డిగ్రీకైతే కోరాపుట్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, దాని ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాస్తే చాలు, అక్కడ ఈ లోకల్ గొడవే లేదు.

ఇక మా సంగతి. అమ్మాయిని తీసుకుని ఆంధ్రాలో ఓ కాలేజీకి వెళితే, కౌంటర్లో ఆయన మార్కుల షీటు పైన ఒడియా అక్షరాలు చూసి, రెండో పేజీ తిప్పకుండానే "నాన్ లోకల్ అండీ, మేనేజ్‌మెంట్ కోటా చూసుకోండి" అని కాగితాలు వెనక్కి తోసేశాడు. నేనూ తలూపి వచ్చేశాను, బుద్ధి లేక. తర్వాత బయట జిరాక్స్ షాపతను చెప్పాడు, మిగతా 15 శాతం మెరిట్ మీద ఇస్తారు, తల్లిదండ్రుల్లో ఒక్కరు మొత్తం పదేళ్లు ఆంధ్రాలో ఉన్నా వాటికి పోటీ పడొచ్చని. నేను పుట్టింది ఇక్కడే, కానీ మా ఆవిడ పెళ్లయ్యేదాకా పాతపట్నంలోనే కదా! ఆటో ఎక్కితే వచ్చే ఊరు, ఇన్నాళ్లూ అది పుట్టిల్లే అనుకున్నాం గానీ పిల్లకి సీటు తెచ్చే ఊరని ఎవరికి తెలుసు. రెండు రోజులు ట్రంకు పెట్టె కిందా మీదా చేసి ఆవిడ స్కూలు కాగితాలు తీశాం, ఒక మూల ఎలక కొరికేసింది, అంకెలు మాత్రం కనిపిస్తున్నాయి. సోమవారం తహసీల్దార్ ఆఫీసుకి వెళ్లాలి.

మీ ఆవిడ, మా చెల్లెమ్మ పుట్టిల్లూ ఆంధ్రాలో పాలకొండే కదా? ఆవిడ స్టడీ సర్టిఫికెట్లు ఎక్కడున్నాయో ఇప్పుడే వెతికించు.

ఉంటాను,
నీ బాబ్జీ