తుక్కులో నిక్సీ గొట్టాలు

సంపాదకులకు,

బెంగళూరు ఎస్పీ రోడ్డు చుట్టుపక్కల తుక్కు కొట్లలో పాత డిజిటల్ వోల్టుమీటర్లను రాగి కోసం సుత్తితో పగలగొడుతుంటే చూసి ఊరుకోలేక రాస్తున్నాను. వాటిలో అంకెలను వెలిగించి చూపే నిక్సీ గాజు గొట్టాలు ఉంటాయి.

1955లో అమెరికాకు చెందిన బరోస్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చిన ఈ గొట్టంలో నియాన్ వాయువు మధ్య పది అంకెలు, పలచని లోహపు రేకులతో చేసినవి, ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. దాదాపు 170 వోల్టులు అందిన అంకె నారింజ రంగులో వెలుగుతుంది. అంకె మారితే వెలుగు ముందుకో వెనక్కో జరుగుతుంది. ఎల్‌ఈడీలో ఆ లోతు ఏదీ? సోవియట్ ఐఎన్-12 గొట్టంలోనైతే 2ను తలకిందులు చేసి 5గా వాడారు. పిసినారితనమో, తెలివో!

వెలగని అంకెల మీద లోహపు పొర పేరుకుని అవి మసకబారతాయి. అందుకే ఈ గొట్టాలతో నేను కట్టిన గడియారం రోజూ తెల్లవారుజామున అన్ని అంకెలనూ ఒకసారి గిర్రున తిప్పుతుంది. మా ఆవిడ దానికి దెయ్యాల గడియారమని పేరు పెట్టింది.

కళాశాలలు, ప్రయోగశాలలు పాత పరికరాలను వేలం వేసే ముందు ఈ గొట్టాలను విడిగా తీయించి విద్యార్థులకు, అభిరుచి ఉన్నవారికి అమ్మాలి. చాలా గొట్టాల్లో కొద్దిగా పాదరసం కూడా ఉంటుంది. వాటిని పగలగొట్టే కుర్రాళ్ల చేతులకు కనీసం తొడుగులైనా లేవు.

— విశ్రాంత మెకానిక్, మల్లేశ్వరం, బెంగళూరు