బాబాయ్, సెన్సార్లు ఆపేస్తే చాలదు

మినియాపొలిస్,
నవంబరు 16

బాబాయ్‌కి,

అమ్ములు రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. పిన్ని మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? మొన్న ఆదివారం ఫోనులో నువ్వడిగినదానికి నేను సగం చెప్పేసరికి ఎవరో పాస్‌పోర్టు ఫొటోకి వచ్చారు. ఫోను కౌంటరు మీద పెట్టి వెళ్లిపోయావు. పావుగంటసేపు నీ స్టూడియో ఫ్యాను చప్పుడు విన్నాను. అందుకే ఈ ఉత్తరం. దీని మధ్యలో ఏ కస్టమరూ రాడు కదా!

"నీ డ్రోన్ గిరికీలు కొడుతోంది, నాదెందుకు కొట్టదే? సెన్సార్లన్నీ ఆపేస్తే కొడుతుందా?" అనడిగావు. సత్తెనపల్లి పెళ్లివాళ్లు గేటులోంచి దూరి, అరటిచెట్ల మధ్యనుంచి వచ్చి, పందిట్లో పెళ్లికూతురి ముందు ఆగే షాటు కావాలన్నారట, మాఘమాసంలో ముహూర్తమట. సరే విను.

ఆపేసినా కొట్టదు. నీ డ్రోన్‌లో అడ్డంకుల సెన్సార్ ఆపేస్తే గోడ కనబడినప్పుడు ఆగడం మానేస్తుంది, అంతే. మిగతా తెలివంతా అలాగే ఉంటుంది. దానికి రిమోట్ మీది స్టిక్ అంటే మనమిచ్చే ఆర్డరు. ముందుకు తోస్తే వెళుతుంది, వదిలేస్తే తనే బ్రేకు వేసుకుని, శాటిలైట్లు చూసుకుని, గాలి ఎటు తోసినా ఉన్నచోటే నిలబడుతుంది. నువ్వు పక్కకెళ్లి టీ తాగి రావచ్చు. నా దాన్లో, అంటే మాన్యువల్‌గా నడిపేదాన్లో, స్టిక్ తోస్తే డ్రోన్ వంగుతుంది. ఎంత తోస్తే అంత వేగంగా వంగుతుంది. వదిలేస్తే వంగడం ఆపుతుంది గానీ, వంగినది వంగినట్టే ఉండిపోతుంది. దాన్ని మళ్లీ సమంగా నిలబెట్టాలంటే అటువైపు నేనే తొయ్యాలి, సరిగ్గా సరిపడా తొయ్యాలి. ఎడంచేతి స్టిక్‌కి పైకీ కిందికీ స్ప్రింగు కూడా ఉండదు. ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. ఎత్తు పట్టుకుని ఉండడమన్నది ఆ బొటనవేలి పనే.

నీ పాత నికాన్ ఎఫ్‌ఎమ్2 గుర్తుందా? సెల్ అయిపోయినా షట్టర్ పడేది, మీటరు ఒక్కటే పనిచేసేది కాదు. మాన్యువల్ డ్రోన్ కూడా అలాంటిదేనని మొదట్లో నేనూ అనుకున్నాను. కాదు. నాలుగు మోటార్ల వేగాన్ని మనిషి చేతులు విడివిడిగా సర్దలేవు. లోపల జైరో ఉంటుంది. అది సెకనుకు కొన్ని వేలసార్లు తిరుగుడు కొలుస్తుంది, ఆ లెక్కన ఒక చిన్న కంప్యూటరు బోర్డు మోటార్లను నడిపిస్తుంది. కాకపోతే ఈ మోడ్‌లో దానికి పట్టేది ఒక్కటే, నేనడిగినంత వేగంగా డ్రోన్ తిరుగుతోందా లేదా అని. నేల ఎటుంది, ఎంత ఎత్తులో ఉన్నాం, గాలి ఎటు నెడుతోంది, ఇవేవీ దానికి అక్కర్లేదు. అవన్నీ మన నెత్తిన పడతాయి.

ఎలా పడతాయో చెబుతాను. పోయిన అక్టోబరు చివర్లో ఊరి బయట ఒక మొక్కజొన్న చేను దగ్గరికి వెళ్లాం. కోత సగమైంది. చేనాయన్ని అడిగే ఎగరేశాం. కళ్లకు గాగుల్స్ పెట్టుకుంటే డ్రోన్ కెమెరాలోంచి తప్ప ఇంకేమీ కనబడదు కాబట్టి, పక్కన ఇంకొక మనిషి నిలబడి డ్రోన్‌ని మామూలు కంటితో చూస్తూ ఉండాలని ఇక్కడి రూలు. ఆ ఉద్యోగం మా ఆయనది. టోపీ, మఫ్లరు, చేతిలో కాఫీ ఫ్లాస్కు, మొహంలో విసుగు.

రెండు బ్యాటరీలు బాగానే ఎగరేశాను. మూడోదానికి కాస్త పొగరొచ్చింది. చేను చివర కుడివైపు గట్టిగా వంచి మలుపు తిప్పాను. ఇక్కడొక లెక్కుంది బాబాయ్. డ్రోన్ సమంగా ఉంటే మోటార్ల బలమంతా పైకే పోతుంది. అరవై డిగ్రీలు వంచావనుకో, అందులో సగమే పైకి మోస్తుంది, పక్కకి లాగడం అంతకంటే ఎక్కువ. అంటే వంచేటప్పుడే థ్రాటిల్, అదే ఎడంచేత్తో ఇచ్చే మోటార్ల బలం, పెంచాలి. నేను పెంచలేదు. డ్రోన్ దిగిపోవడం మొదలెట్టింది. కంగారుపడి థ్రాటిల్ మొత్తం తోశాను. బాగా వంగి ఉన్నప్పుడు తోస్తే పైకి లేవడం కంటే వంగినవైపు ఉరకడమే ఎక్కువ. అటువైపు కొయ్యని మొక్కజొన్న ఉంది.

గాగుల్స్‌లో ఆఖరికి కనబడింది ఒక్క ఎండుటాకు. ఈనెలు కూడా లెక్కపెట్టగలిగేంత దగ్గరగా. బొమ్మ నిశ్చలంగా ఉంది. నాకేమో అంతా ప్రశాంతంగా అయిపోయినట్టనిపించింది. పక్కనుంచి మా ఆయన "ఆపు, ఆపు" అని అరుస్తున్నాడు. మోటార్లు ఇంకా తిరుగుతున్నాయట! పడగానే ముందు స్విచ్ నొక్కి మోటార్లు ఆపెయ్యాలి, దాన్నే డిసార్మ్ అంటారు. నేను ఆకు చూస్తూ నిలబడ్డాను. కాడల్లో ఇరుక్కుని తిరగలేని మోటారు ఒకటి కాలిపోయింది. దానికి కరెంటు పంపే బోర్డూ పోయింది. మోటారును మోసే కార్బన్ చెయ్యి ఒకటి విరిగింది. డ్రోన్‌లోని బీపర్ కూతను పట్టుకుని అరగంట వెతికాం. మనిషికంటే ఎత్తున్న చేలో కూత అన్నివైపుల నుంచీ వస్తున్నట్టే ఉంటుంది. దొరికాక ఆయన నాతో ఒక్క మాట కూడా అనలేదు, ఫ్లాస్కులో మిగిలిన కాఫీ మాత్రం నాకివ్వలేదు.

ఇప్పుడు నీ గిరికీల సంగతి. గిరికీ అన్నిటికంటే తేలిక. నా సెట్టింగుల్లో స్టిక్ అంచుదాకా తోస్తే సెకనుకు 670 డిగ్రీలు తిరుగుతుంది. అంటే పూర్తి చుట్టు అర సెకనుకు కాస్త ఎక్కువ. కాస్త పైకి లేపి, థ్రాటిల్ తగ్గించి, స్టిక్ మొత్తం తోసి వదిలెయ్. అయిపోతుంది. మన చిన్నోడికి ఒక పూటలో నేర్పొచ్చు. రీల్స్ చూసేవాళ్లు దానికే చప్పట్లు కొడతారు.

కష్టమైనది నీ పెళ్లివాళ్లు అడిగింది. మెల్లగా, ఒకే ఎత్తులో, తిన్నగా, గుమ్మంలోంచి వెళ్లి ఒకచోట ఆగడం. దానికి బ్రేకు లేదు. ఆగాలంటే ముక్కు పైకెత్తి వెనక్కి వంచాలి. ఎత్తితే కెమెరా పందిరి కప్పు చూపిస్తుంది, పెళ్లికూతురు ఫ్రేములోంచి జారిపోతుంది. పైగా కెమెరాని కదలకుండా సమంగా పట్టే గింబల్ ఉండదు. కెమెరాని ఫ్రేముకే కొంచెం పైకి వంచి బిగిస్తారు. ముందుకెళ్లడానికి డ్రోన్ వంగినప్పుడు చూపు సమమవుతుంది. నెమ్మదిగా వెళ్లాలంటే ఆ వంపు తక్కువ పెట్టుకోవాలి, వేగంగా వెళ్లాలంటే ఎక్కువ. గాల్లో మార్చుకునే వీలుండదు. కిందికి దిగేటప్పుడు తను తోసిన గాలిలోకే తను దిగుతుంది కాబట్టి వణుకుతుంది. ఆ వణుకును తర్వాత జైరోఫ్లో లాంటి సాఫ్ట్‌వేర్‌తో, జైరో రాసుకున్న లెక్కల్ని బట్టి చాలావరకు తియ్యొచ్చు. వంకరగా ఎగరేసినదాన్ని అదేమీ చెయ్యలేదు.

2021లో మా ఊళ్లోనే ఒక పాత బౌలింగ్ హాల్లో జే క్రిస్టెన్‌సన్ అనే అతను వీధిలోంచి లోపలికి దూరి, మనుషుల పక్కనుంచి, బంతి వెనకాలే వెళ్లి, పిన్నులు పేర్చే మిషను లోపలిదాకా ఒకే షాటులో, దాదాపు తొంభై సెకన్లు తీశాడు. లోకమంతా చూసింది. అందులో ఒక్క గిరికీ లేదు. వినబడే మాటలూ చప్పుళ్లూ తర్వాత కలిపినవి, ఎందుకంటే డ్రోన్ మోతలో ఏదీ వినబడదు. నీ పెళ్లిలో అయ్యగారి మంత్రాల మధ్య ఆ కందిరీగ మోత ఎలా ఉంటుందో ఊహించుకో.

అయినా నేర్చుకోవద్దనను. నేర్చుకోమనే అంటాను, దానికి నా కారణం వేరు. పోయినేడాది కల్యాణమండపంలో నీ డ్రోన్ తనంతట తనే పక్కకి జారి పూల స్టేజీకి తగిలిందని, మిషను పాడైందని అందర్నీ తిట్టావు. మిషను పాడవలేదు బాబాయ్. స్లాబు కింద శాటిలైట్లు అందవు. కింద చూసే కెమెరా ఉందిగానీ, నున్నగా మెరిసే గచ్చు మీద, మసక వెలుతురులో దానికి గుర్తులు దొరకవు. రెండూ పోతే డ్రోన్ సమంగా ఉండగలదు గానీ ఉన్నచోట ఉండలేదు. నీ పక్కన రెండు పెద్ద పెడెస్టల్ ఫ్యాన్లు! నువ్వేమో అలవాటుగా స్టిక్ వదిలేసి, అది ఆగుతుందని చూస్తూ నిలబడ్డావు. స్టిక్‌తో ఎదురు తోసి ఉంటే ఆగేది. ఆ ఎదురు తోసే అలవాటు చేతికి వచ్చేది ఈ మాన్యువల్‌లోనే.

కానీ సత్తెనపల్లి పెళ్లిలో మాత్రం వద్దు. ఈ డ్రోన్లు అయిదంగుళాల రెక్కలవి, కంటికి కనబడనంత వేగంగా తిరుగుతాయి. ముహూర్తానికి మూడు నెలలు కూడా లేవు. 2015 డిసెంబరు 22న ఇటలీలో స్కీయింగ్ పోటీ నడుస్తుంటే, మార్సెల్ హిర్షర్ అనే ఆటగాడి వెనకాలే, అడుగుల దూరంలో, టీవీ వాళ్ల కెమెరా డ్రోన్ పైనుంచి పడి ముక్కలైంది. ఒక్క క్షణం తేడాతో బతికాడు. తర్వాత ఆ ఆటల సమాఖ్య కెమెరా డ్రోన్లనే నిషేధించింది. అది తర్ఫీదున్న మనుషులు నడిపింది. నీ పందిట్లో పిల్లలు డ్రోన్ కిందకే పరిగెడతారు.

ఇలా చెయ్యి. రేడియో, అంటే స్టిక్కులున్న రిమోట్, ఒకటి కొను, దాన్నే కంప్యూటర్‌కి తగిలించి సిమ్యులేటర్‌లో కూర్చో. లిఫ్టాఫ్, వెలోసిడ్రోన్ అని ఉన్నాయి. నేను కనీసం ఇరవై గంటలు అందులోనే కూలుస్తూ గడిపాను. కూలిస్తే ఒక బటన్ నొక్కి మళ్లీ మొదలెట్టొచ్చు, కాఫీ గొడవ లేదు. గిరికీల జోలికి పోకుండా తల ఎత్తులో ఎనిమిది అంకె చుట్టు. అది బోరుకొట్టేదాకా చుట్టు. తర్వాత రెక్కల చుట్టూ ప్లాస్టిక్ గార్డులున్న అరచేతిలో పట్టే చిన్నది, టైనీ హూప్ అంటారు, ముప్పై గ్రాములో ఎంతో ఉంటుంది, దాన్ని మన వరండాలో ఎగరెయ్. పిన్ని మల్లెపందిరి కిందనుంచి, ఒక్క ఆకు రాలకుండా.

"వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురా" అన్నావు, తేను. 2022 ఫిబ్రవరి నుంచి మనవాళ్లు విదేశీ డ్రోన్ల దిగుమతిని నిషేధించారు. విడిభాగాలకు అడ్డులేదు. అక్కడే కొని బిగించుకోవచ్చు, బిగించడం నేర్చుకుంటే విరిగినప్పుడు నీకే పనికొస్తుంది. అన్నట్టు, నీ దగ్గరున్నది 250 గ్రాములు దాటినదేగా? దానితో డబ్బులకి పని చేస్తే పైలట్ సర్టిఫికెట్ కావాలి. తీసుకున్నావా? ప్రతిసారీ మాట మారుస్తావు.

బ్యాటరీల మాట చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. ఒక్కో సెల్ 4.2 వోల్టులకి నిండుతుంది, 3.5కి వచ్చేసరికి దించెయ్యాలి. వాడకుండా దాచేటప్పుడు 3.8 దగ్గర ఉంచాలి. ఇక్కడి చలికి నేను జేబులో పెట్టుకుని వెచ్చబెడతాను, నీకు ఆ బాధ లేదు, నీ బాధ ఎండ. కారులో వదిలెయ్యకు. ఉబ్బినదాన్ని "ఇంకొక్క పెళ్లికి వస్తుందిలే" అని వాడకు. ఛార్జింగు పెట్టి నిద్రపోకు, ముఖ్యంగా పిన్ని ఒత్తులూ కర్పూరం పెట్టుకునే ఆ అలమరా దగ్గర.

పెళ్లివాళ్లకి గింబల్ చేత్తో పట్టుకుని గేటునుంచి నడిచి తీసిస్తానని చెప్పు. చిన్నోడిని వెనక్కి నడవడం ప్రాక్టీసు చెయ్యమను, తివాచీ మడత తగిలి పడకుండా. వాళ్లేమన్నారో ఆదివారం ఫోను చేసి చెప్పు. షాపు షట్టరు దించాకే చెయ్యి.

పిన్నికి నమస్కారాలు.

నీ
అమ్ములు