బిడ్డ బరువు తగ్గితే తప్పంతా తల్లిదేనా?

సంపాదకులకు నమస్కారం.

మాది మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా బల్లార్షా. తాతల నాడు బొగ్గు గనుల్లో పనికొచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగోళ్లం మా వాడ నిండా ఉన్నాం. పుట్టిన పిల్ల రెండున్నర కిలోలకు తక్కువ తూగిందంటే చాలు, అత్తగారి దగ్గర్నుంచి నర్సమ్మ దాకా అందరిదీ ఒకటే మాట, "నువ్వు సరిగ్గా తిన్లేదమ్మా" అని. మొన్న మా మరదలికీ అదే అయింది. నెలనెలా చెకప్‌కి పోయింది, ఐరన్ గోళీలు మానకుండా మింగింది, అయినా అక్షింతలు తనకే.

తిండి, రక్తహీనత, నెలలు నిండకుండా కాన్పు కావడం, ఇవన్నీ కారణాలే, కాదనను. మరి గాలి ఊసు ఎవరూ ఎత్తరేం? పొద్దున ఆరేసిన తెల్ల పంచె మధ్యాహ్నం దులిపితే నల్లపొడి రాలే ఊరండీ ఇది. కంటికి కనబడే ఆ పొడి కంటే కనబడని సన్న ధూళి, పీఎం 2.5 అంటారే, దాంతోనే ఎక్కువ ముప్పు. 2019లో బెల్జియం పరిశోధకులు కడుపులో బిడ్డను తల్లితో కలిపే మాయలో, అదీ బిడ్డ వైపు, మసి రేణువులు చూశారు.

2008 ఒలింపిక్స్ కోసం, గాలి బాగుపడాలని బీజింగ్‌లో ఫ్యాక్టరీలు, బండ్లు కొన్నాళ్లు కట్టడి చేశారు. అప్పుడు ఎనిమిదో నెలలో ఉన్న తల్లుల పిల్లలు, ముందు వెనక ఏడాదుల్లో అదే సమయంలో పుట్టినవాళ్ల కంటే సగటున 23 గ్రాములు ఎక్కువ తూగారు. ఇంతేనా అనకండి, ఊరందరి సగటు అది. మన తమిళనాడుతో పాటు గ్వాటెమాలా, పెరూ, రువాండాల్లో 3,200 మంది గర్భిణులతో చేసిన పరీక్షలో మాత్రం, సగం మందికి కట్టెల పొయ్యి మాన్పించి గ్యాస్ ఇచ్చినా పిల్లల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గ్యాస్ వద్దని కాదు, మా దగ్గర సిగ్డీలో, అంటే కుంపట్లో, బొగ్గు రాజేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి, అది పోవాల్సిందే, కానీ సిలిండర్ ఇచ్చాం కదా అని చేతులు దులుపుకుంటే బయటి గాలి మాటేంటి? ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 ఏడాది సగటు 40 మైక్రోగ్రాముల దాకా ఫర్వాలేదని మన దేశం లెక్క, డబ్ల్యూహెచ్‌ఓ 2021లోనే తన హద్దును 5కి దించింది.

నేనడిగేది పెద్ద పనేం కాదు. గర్భిణి కార్డులో బరువు, బీపీ రాస్తున్నారుగా, ఇంట్లో ఏ పొయ్యి, గనికి, లారీల రోడ్డుకి ఇల్లెంత దూరం అని ఇంకో రెండు గళ్లు పెట్టండి. రెండేళ్లు రాస్తే ఏ వాడలో బరువు తగ్గుతోందో అధికారుల కాగితాల్లోనే తేలుతుంది. లారీల మీద టార్పాలిన్ కట్టించడానికైతే ఆ లెక్క కూడా అక్కర్లేదు, రేపే మొదలుపెట్టొచ్చు.

– ఒక పాఠకుడు, బల్లార్షా