కూబర్ పీడీ దారిలో మమ్మల్ని వదిలి వెళ్ళని ఆవిడకి

నిన్న రాత్రి అడిలైడ్ చేరాం. సూట్‌కేసులు ఇంకా హాల్లోనే ఉన్నాయి, ఎక్కడ చెయ్యి పెట్టినా ఎర్రమట్టే. ఒళ్ళు హూనమైనా నిద్ర పట్టడం లేదు. ఫోన్లు, మెసేజీలు పెట్టిన వాళ్ళందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడే రాసేస్తున్నాను. అందరం క్షేమం. మావయ్యగారు బాగానే ఉన్నారు.

సంగతి తెలియనివాళ్ళకి: అత్తయ్యగారు, మావయ్యగారు ఒంగోలు నుంచి వచ్చారు కదా, పిల్లలకీ సెలవులు, ఆస్ట్రేలియా నడిమధ్యలో ఉన్న పెద్ద ఎర్రకొండ ఉలూరు చూపిద్దామని స్టువర్ట్ హైవే పట్టాం. గ్లెండాంబో దాటితే కూబర్ పీడీ దాకా 254 కిలోమీటర్లు. మధ్యలో ఊరు లేదు, పెట్రోలు బంకు లేదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు. దారిలో చాలా భాగం వూమెరా మిలిటరీ పరీక్షల ప్రాంతం, రోడ్డు దిగి పక్కకి వెళ్ళకూడదని బోర్డులు కూడా పెట్టారు. సగం పైగా వచ్చాక టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటేసింది. కారు పక్కకి తీసి బానెట్ ఎత్తితే గుప్పున ఆవిరి, ముక్కుకి అదోరకం తియ్యటి వాసన. రేడియేటర్ పై హోస్ చివర చీలిపోయి కూలెంట్ అంతా రోడ్డుపాలైంది.

ఎండ 35 డిగ్రీలు దాటింది. నీడకి ఒక్క చెట్టు లేదు, అన్నీ మోకాలెత్తు తుప్పలే. ఈగలు కళ్ళల్లోకి, నోట్లోకి. 53 మీటర్ల దాకా పొడవుండే రోడ్ ట్రైన్ (వరసగా ట్రైలర్లు తగిలించిన ట్రక్కు) పక్కనుంచి పోయినప్పుడల్లా కారు అటూ ఇటూ ఊగేది. ఇవన్నీ ఎలాగోలా పడొచ్చు. ఐస్‌బాక్సులో ఐసు కరిగిపోతోంది, అందులో మావయ్యగారి ఇన్సులిన్ ఉంది. నా టెన్షనంతా దాని గురించే.

అప్పుడు ఆగింది ఒక తెల్ల యూట్ (వెనక తొట్టి ఉండే పికప్ బండి), వెనక తొట్లో కుక్క. దిగినావిడకి డెబ్భై దగ్గర ఉంటాయి. ఎక్కడో లోపల గొడ్ల స్టేషన్‌లో, అంటే పశువుల్ని పెంచే పెద్ద ఫారంలో, వంట చేస్తారట, సరుకుల కోసం కూబర్ పీడీ వెళ్తున్నారు. ఏమైందని అడగలేదు. ముందు మావయ్యగారి మొహం చూశారు, ఆయన చేతిలో ఉన్న ఐస్‌బాక్సు చూశారు, ఏముందని అడిగారు. చెప్పగానే ఇన్సులిన్ పెన్నులు తీసుకెళ్ళి తన బండిలోని చిన్న ఫ్రిజ్‌లో పెట్టేశారు. తర్వాత రెండు బండ్ల మధ్య నీలం టార్పాలిన్ కట్టి, మడత కుర్చీలు వేసి, పెద్దవాళ్ళిద్దర్నీ పిల్లల్నీ దాని కింద కూర్చోబెట్టారు. ఆ తర్వాతే కారు దగ్గరికి వచ్చారు.

ఆవిడ దగ్గర శాటిలైట్ ఫోన్ ఉంది. దాంతో మేం ఏటా డబ్బు కట్టే రోడ్‌సైడ్ సర్వీసుకి చేశాం. పెద్ద ప్లానే మాది, తక్కువది కాదు. మొదట పాట. చాలాసేపు పాట. ఆవిడ ఫోన్లో నిమిషం నిమిషానికీ డబ్బు పోతుంటే మేం పాట వింటున్నాం. చివరికి ఒకమ్మాయి పలికి, "దగ్గర్లో ఉన్న అడ్డరోడ్డు పేరేంటి మేడమ్?" అంది. అడ్డరోడ్డు! హైవే పేరు చెప్పాను, ఏ రెండు ఊళ్ళ మధ్య ఉన్నామో చెప్పాను, ఆవిడ బండిలో చూసి జీపీఎస్ అంకెలు చదివాను. సిస్టమ్‌లో వీధి పేరు లేకపోతే ముందుకెళ్ళదట. వెళ్ళినా లాంగ్ వీకెండ్ కాబట్టి టో ట్రక్ రేపు రావచ్చు, ఉచితంగా లాగే దూరం దాటితే కిలోమీటరుకి ఇంత అని మేమే కట్టుకోవాలి. ఇన్సులిన్ మాట రెండుసార్లు చెప్పాను. "అర్థమైంది మేడమ్, లైన్‌లో ఉండండి" అని మళ్ళీ పాట పెట్టింది. ఆ అమ్మాయి తప్పు కాదని తెలుసు, ఆమె ముందున్న ఫారం గళ్ళల్లో మా రోడ్డు లేదు. కానీ ఇంత పెద్ద దేశంలో, అవసరమైతే ఫ్లైయింగ్ డాక్టర్ల విమానం దిగడానికి హైవే మీదే అక్కడక్కడా రన్‌వే గీతలు గీసిన దేశంలో, కారు ఆగితే వీధి పేరు అడిగే ఫారం ఎవరు తయారుచేశారండీ?

ఆవిడ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని కట్ చేసేశారు.

యూట్‌లోంచి వంటకత్తి తెచ్చారు. (మాంసం కోసేదే. అత్తయ్యగారు చూసి మొహం తిప్పుకున్నారు.) ఇంజిను చల్లారేదాకా ఆగి, క్లాంపు విప్పి, హోస్ చీలినమేర వంకాయ తొడిమ కోసినట్టు కోసి పారేసి, మిగిలినదాన్ని లాగి మళ్ళీ తగిలించి బిగించారు. తన డబ్బాలో నీళ్ళు రేడియేటర్లో పోశారు. లోపల ప్రెషర్ పెరగకుండా మూత పూర్తిగా బిగించకుండా ఒక మెట్టు వదులుగా ఉంచమన్నారు. హీటర్ ఫుల్‌గా పెట్టమన్నారు, ఇంజిను వేడి కొంత అటు లాగేస్తుందట. అంత ఎండలో హీటర్ వేసుకుని మా ఆయనొక్కరే కారు నడిపారు. మేమంతా యూట్‌లో ఇరుక్కున్నాం, మా పెద్దాడు మాత్రం వాళ్ళ నాన్నతో వెళ్తానని పట్టుబట్టి వెళ్ళి చెమటతో ముద్దయ్యాడు. మెల్లగా, ఆగి ఆగి, నీళ్ళు పోసుకుంటూ. వెనకాల ఆవిడ హజార్డ్ లైట్లు వేసుకుని. దారి పొడుగునా ఆవిడ ఒక్కసారి కూడా టైము చూసుకోవడం నేను చూడలేదు. మేం చేరేసరికి సరుకుల కొట్టు మూసేశారు. ఆవిడ పనే ఆగిపోయింది. డబ్బు ఇవ్వబోతే చెయ్యి పక్కకి నెట్టేశారు, ఫోన్ బిల్లుకైనా అంటే వినలేదు.

ఇక్కడిదాకా నేను ఏడవలేదు. మర్నాడు పొద్దున్నే, కొండ తొలిచి కట్టిన ఆ మోటెల్ గది తలుపు ఎవరో కొట్టారు. ఆవిడే. చేతిలో పాల సీసా. "మీ మావగారి షుగర్ ఎంతుంది?" అని అడగడానికి వచ్చారు. ఆయన తన మీటరు చూపించారు, 210. ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేదు! ఇండియా మీటరు కదా, ఇక్కడి లెక్కలో చెప్పాలంటే 18తో భాగించాలి, 11.7 అవుతుంది, కొంచెం ఎక్కువే గానీ కంగారు లేదని చెప్పేసరికి నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చేశాయి. ఆవిడ భుజం మీద తల పెట్టి ఏడ్చాను. పక్కన పిల్లలు బిత్తరపోయారు. ఆవిడ పేరు, ఫోటో పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టడం లేదు.

మా ఆయనకీ, సిడ్నీ నుంచి రాత్రంతా ఫోన్లు చేసిన మా తమ్ముడికీ థాంక్స్ చెబితే నవ్వుతారు. సరే, చెప్పేశాను.

కూబర్ పీడీ మెకానిక్ గారికి కూడా. సెలవు రోజైనా షెడ్డు తెరిచి, ఇంజిన్ హెడ్ దెబ్బతినలేదని చూసి చెప్పారు. కొత్త హోస్ అడిలైడ్ నుంచి బస్సులో వచ్చేదాకా మేం రోజూ వెళ్ళి విసిగించినా విసుక్కోలేదు. ఉలూరు ఈసారికి లేనట్టే, అత్తయ్యగారి వాళ్ళ ఫ్లైట్ దగ్గర పడింది.

అయ్యో, ఆ పంజాబీ ట్రక్ డ్రైవర్‌ని మర్చిపోయాను. ఆవిడ రాకముందు ఆగినాయన ఆయనే. లోడుతో ఎక్కువసేపు ఆగలేక నీళ్ళ బాటిళ్ళు, సీటు పక్కనున్న పరాఠాల పొట్లం ఇచ్చి, ముందున్న బండ్లకి రేడియోలో చెప్పి వెళ్ళారు. ఆవిడ ఆ కబురు విని వచ్చారో లేదో అడగనేలేదు. కూలెంట్ డబ్బా ఇచ్చిన జర్మన్ పిల్లలకీ, వాడుతున్న పెన్ను 30 డిగ్రీల లోపు ఉంటే మామూలుగా నాలుగు వారాలు పనికొస్తుందని అర్ధరాత్రి మెసేజ్ పెట్టిన మన తెలుగు ఫార్మసిస్ట్ గారికీ, మా మొక్కలకి నీళ్ళు పోసిన పక్కింటావిడకీ.

ఇంకోటి. ఆవిడ టార్పాలిన్ మా డిక్కీలోనే ఉండిపోయింది, ఇందాకే చూశాను. మీలో ఎవరైనా ఈ నెలలో కూబర్ పీడీ వైపు వెళ్తుంటే ఒక మెసేజ్ పెట్టండి. ఆ మెకానిక్ షెడ్డులో ఇస్తే ఆవిడకి అందుతుంది.