వ్యాపారుల కంప్యూటర్లకు కాపలా ఎవరు?

సంపాదకుల వారికి నమస్కారం.

నాలుగైదు రోజుల కిందట మీ జిల్లా పేజీలో, మా మిర్యాలగూడ వ్యాపారి ఒకరి ఖాతా నుంచి సైబర్ దొంగలు సొమ్ము కాజేసిన వార్త వచ్చింది. దాని చివర 'వ్యాపారులు అప్రమత్తంగా ఉండాలని అధికారులు సూచించారు' అన్న వాక్యం చదివాక ఈ లేఖ రాయకుండా ఉండలేకపోయాను. 22 ఏళ్లుగా రైస్ మిల్లుల పద్దులు రాస్తున్నాను. ఎలా అప్రమత్తంగా ఉండాలో ఏ అధికారీ మిల్లుకు వచ్చి చెప్పిన గుర్తు లేదు.

గత వానాకాలం సీజన్‌లో మా మిల్లుకే ఈ దెబ్బ తగిలింది. గోనె సంచులు పంపే సంస్థ పేరుతో, తమ బ్యాంకు ఖాతా మారిందనీ, బాకీ కొత్త ఖాతాలో వేయాలనీ మెయిల్ వచ్చింది. బిల్లు నంబరు, బాకీ మొత్తం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మెయిల్ చిరునామాలో మాత్రం ఒక్క అక్షరం తేడా. రూ.4.60 లక్షలు పంపేశాం. మా దగ్గరున్న వారి పాత ఫోన్ నంబరుకు ఒక్కసారి చేసి అడిగి ఉంటే ఆ సొమ్ము దక్కేది. మూడో రోజు అసలు సంస్థవారు బాకీ అడిగితే గానీ సంగతి బయటపడలేదు. ఫిర్యాదుకు వెళ్తే రేపు రమ్మన్నారు. మోసం జరిగిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేస్తే, దొంగలు సొమ్ము డ్రా చేసేలోపు నిలిపివేయించే అవకాశం ఉంటుందని అప్పటిదాకా మాలో ఎవరికీ తెలియదు. ఆ నాలుగంకెలను మార్కెట్ యార్డులో, బ్యాంకు గుమ్మాల దగ్గర పెద్దక్షరాలతో రాయించడానికి ఎంత ఖర్చవుతుంది?

చదువులేనివారే మోసపోతారనుకోవడం పొరపాటు. 2022 జనవరిలో హైదరాబాద్ మహేష్ బ్యాంకు నుంచి రూ.12 కోట్లకు పైగా పోయింది; సిబ్బందికి వచ్చిన దొంగ మెయిళ్ల ద్వారానే హ్యాకర్లు లోపలికి చొరబడ్డారని పోలీసులు తేల్చారు. బ్యాంకు గతే అదయితే మా మిల్లుల సంగతి చెప్పేదేముంది? ఓనరుకు, గుమాస్తాకు, బిల్లులు కొట్టే కుర్రాడికి ఒకటే పాస్‌వర్డ్, అదీ మిల్లు పేరు పక్కన 123. మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే ఉచిత భద్రతా అప్‌డేట్లు ఆపేసిన విండోస్ 7 మీద నేటికీ లెక్కలు నడుస్తున్నాయి. పద్దుల సాఫ్ట్‌వేర్ టాలీ బాగుచేస్తానని ఫోన్ చేసినవాడికల్లా, మన కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపించే ఎనీడెస్క్ యాప్ నంబరు చెప్పేస్తున్నాం. చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు), బ్యాంకు ఓటీపీలు వచ్చే ఫోన్‌లోనే తెరుస్తున్నాం.

నష్టపోయాక మేము నేర్చుకున్నవి చెబుతాను. ఇప్పుడు మా మిల్లులో చెల్లింపు ఒకరు నమోదు చేస్తే మరొకరు ఆమోదించాలి. మెయిల్‌కు, బ్యాంకుకు వేర్వేరు పాస్‌వర్డ్‌లు పెట్టుకున్నాం. రోజూ సాయంత్రం టాలీ డేటాను బయటి హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, దాన్ని ఊడదీసి బీరువాలో పెడుతున్నాం. తగిలించే ఉంచితే, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ ఆ కాపీకి కూడా తాళం వేస్తుంది.

ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు, చెప్పేవారే లేరు. జీఎస్టీ, ఈ-వే బిల్లులు, అన్నీ ఆన్‌లైన్‌లోనే చేయాలని కట్టడి చేసి, రిటర్ను ఆలస్యమైతే రోజుకు రూ.50 వసూలు చేసే ప్రభుత్వానికి, ఆ కంప్యూటర్‌ను కాపాడుకునే తీరు నేర్పే బాధ్యత లేదా? హ్యాకింగ్ జరిగితే 6 గంటల్లోగా తమకు తెలపాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశించింది. ఆ మాట మా బజారులో ఎందరి చెవిన పడిందో అధికారులే వచ్చి విచారించాలి. అవగాహన సదస్సులంటే వేదిక మీద ప్రసంగాలు, ఫొటోలు, అంతటితో సరి.

యాసంగి కొనుగోళ్లు మొదలయ్యేలోపు మిల్లుల గుమాస్తాలను కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, ఒక్కరోజు తెలుగులో శిక్షణ ఇప్పించాలని జిల్లా యంత్రాంగాన్ని కోరుతున్నాను. మీరూ ఇలాంటి వార్త వేసిన ప్రతిసారీ దాని కింద 1930 నంబరు వేయండి.

- ఒక రైస్ మిల్లు గుమాస్తా, మిర్యాలగూడ