పాత జీటీవోనా, కొత్త సివిక్‌ టైప్ ఆర్‌నా? ఇకపై మా షాప్‌లో ఒక మార్పు

నమస్కారం. మన డాలస్ కస్టమర్లు ఈ మధ్య తరచూ ఒకటే అడుగుతున్నారు: "వీకెండ్‌కి సరదాగా నడపడానికి 1966 పాంటియాక్ జీటీవో కొననా, కొత్త హోండా సివిక్ టైప్ ఆర్ కొననా?" రెండు రకాల బళ్లూ మా చేతుల మీదుగా వెళ్తుంటాయి కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను.

జీటీవోకి 335 హార్స్‌పవర్, టైప్ ఆర్‌కి 315 అని రాసుంటుంది. ఆ అంకెలు చూసి పాతదే బలమైనది అనుకోకండి. అప్పట్లో ఇంజిన్‌ని బయట పెట్టి, సైలెన్సర్, ఎయిర్ క్లీనర్ లాంటివి లేకుండా కొలిచేవారు, అందుకే అంకె పెద్దదిగా వచ్చేది. అన్నీ బిగించి కొలిచిన లెక్క చెప్పడం 1972 మోడళ్లతో మామూలైంది. జీటీవోలోని 6.4 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) చేసిన పని ఈ రోజు టైప్ ఆర్‌లోని 2 లీటర్ల టర్బో ఇంజిన్ చేస్తోంది. అయినా ఆ వీ8 స్టార్ట్ అయితే మా షాప్‌లో అందరం పని ఆపి వింటాం.

నా భయమల్లా బ్రేకుల గురించే. 1966 జీటీవోకి నాలుగు చక్రాలకూ పాతకాలపు డ్రమ్ బ్రేకులే. పైగా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని గొట్టాల్లోకి నెట్టే భాగం) నుంచి ముందూ వెనకా అన్నిటికీ ఒకటే సర్క్యూట్, అంటే ఒకటే ఆయిల్ దారి. ఎక్కడ గొట్టం పగిలినా పెడల్ నేలకి దిగిపోతుంది, బండి ఆగదు. 1967 మోడల్ నుంచి రెండు సర్క్యూట్లు ఇచ్చారు, ఒకటి పోయినా రెండోది కాపాడుతుంది. టైప్ ఆర్‌లో అది కాక ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది), స్టెబిలిటీ కంట్రోల్ (బండి జారిపోకుండా చూసేది), ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి.

టెక్సస్‌లో 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. డాలస్ కౌంటీలో పొగ పరీక్ష ఉంది గానీ, 24 ఏళ్లు దాటిన బళ్లకి అదీ అక్కర్లేదు. ఇక ఆ జీటీవో కిందికి దూరి చూసేదెవరు?

అందుకే ఇకపై 1967కి ముందు మోడల్ ఏది వచ్చినా, కార్బ్యురేటర్ ట్యూనింగ్‌కే వచ్చినా సరే, ముందు బ్రేకులు చూస్తాం. చూసినందుకు డబ్బు తీసుకోం. లీకు కనిపిస్తే అది బాగయ్యేదాకా ఇంజిన్ ముట్టుకోం. కొందరికి కోపం వస్తుంది, తెలుసు. మీ పిల్లలు వెనక సీట్లో కూర్చునే బండి కదా.

కొత్త కార్ల సర్వీసు రేటు ముందే చెప్తాం. పాతవాటికి మాత్రం గంటల లెక్కే, ఎందుకంటే తుప్పు పట్టిన బోల్టు ఎంతసేపు పడుతుందో విప్పితేగానీ తెలీదు.

రోజూ ఆఫీసుకైతే సివిక్ కొనండి. మనసు జీటీవో మీదే ఉంటే తప్పకుండా కొనండి, కానీ ఇంజిన్‌కి ఖర్చు పెట్టేముందు మొదటి డాలర్ రెండు సర్క్యూట్లుండే డ్యూయల్ మాస్టర్ సిలిండర్‌కి పెట్టండి. కొనేముందు బండిని ఇక్కడికి తెస్తే లిఫ్ట్ ఎక్కించి మీకే చూపిస్తాను.