పిజ్జా పెట్టి సలహా అడిగే కమిటీ

ఒరేయ్ మామా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. మీ కాలేజీ కొత్త పోర్టల్ కమిటీలో నిన్ను వేశారన్నమాట. పిల్లల అభిప్రాయం కూడా తీసుకోవాలని ప్రిన్సిపాల్ గారు అనడం, నువ్వు ఉండబట్టలేక "మా వాడొకడు అమెరికాలో అలాంటి బోర్డులోనే ఉన్నాడు సార్" అనడం, ఇప్పుడు ఆ పని నా నెత్తిన పడటం, బాగానే ఉంది. ఫోన్‌లో మొదలుపెడితే హాస్టల్ కబుర్లలో పడిపోతాం కాబట్టి రాసి పంపిస్తున్నాను. ఓపిగ్గా చదువు.

బోర్డు అనగానే పెద్దగా ఊహించుకోకు. యూనివర్సిటీలో వైఫై, ఈమెయిల్, లాగిన్‌లు, ల్యాబ్ కంప్యూటర్లు అన్నీ చూసుకునే ఐటీ విభాగం ఒకటి ఉంటుంది కదా, దానికి సలహాలివ్వడానికి కొంతమంది స్టూడెంట్లం. నెలకోసారి సాయంత్రం కూర్చుంటాం. ఐటీ పెద్దాయన, ఆయన కింద మేనేజర్లు వస్తారు. పిజ్జా పెడతారు. మొదటి మీటింగుకి సగం మంది పిజ్జా కోసమే వస్తారు, రెండోదానికి ఎవరు మిగిలారో చూస్తే అసలు బోర్డు ఎవరో తెలుస్తుంది. మాకు జీతం లేదు, ఓటు లేదు. మేం చెప్పింది వినితీరాలన్న రూలూ లేదు.

అయితే దండగేనా అంటావు. కాదురా. వాళ్లు ఎప్పుడు అడుగుతారన్న దాన్ని బట్టి ఉంటుంది. కంపెనీతో సంతకాలు కాకముందు అడిగితే మా మాటకి విలువుంటుంది. అయ్యాక అడిగితే పిజ్జా తిని రావడమే.

ముందే అడిగిన సంగతి ఒకటి చెబుతాను. పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్‌కి కోడ్ వస్తుంది కదా, ఆ ఎస్సెమ్మెస్ కోడ్ తీసేసి అందరూ యాప్‌లోనే అప్రూవ్ నొక్కాలని వాళ్ల ప్లాన్. భద్రత పరంగా మంచిదే. వేరేవాళ్ల నంబరుకి డూప్లికేట్ సిమ్ తీసుకుని కోడ్‌లు కొట్టేసే దొంగలున్నారు. కానీ డిసెంబర్ సెలవుల్లో మనవాళ్లు ఏం చేస్తారు? ఇంటికొస్తారు. పాత ఫోన్ చెల్లికిచ్చేసి కొత్తది కొనుక్కుంటారు. యాప్‌ని కొత్త ఫోన్‌లోకి ఎక్కించాలంటే పాత ఫోన్‌లో అప్రూవ్ నొక్కాలి. అదేమో అప్పటికే రీసెట్ అయిపోయి చెల్లి చేతిలో ఉంటుంది. హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేద్దామంటే వాళ్ల తొమ్మిది నుంచి ఐదు చలికాలంలో మీకు రాత్రి ఏడున్నర నుంచి తెల్లవారుజాము మూడున్నర. పోనీ మేలుకుని చేసినా, "ఐడీ కార్డు పట్టుకుని కౌంటర్‌కి రండి" అంటారు. తెనాలి నుంచి కౌంటర్‌కి ఏం వస్తాడు!

నేనిది చెబుతుంటే మేనేజరు రాసుకోవడం ఆపి నా వైపే చూస్తూ ఉండిపోయింది. వాళ్లకి తెలివి లేక కాదు, సెలవులకి భూగోళం అవతలికి వెళ్లొచ్చేవాళ్లు ఆ గదిలో వాళ్లవైపు ఒక్కరూ లేరు, అంతే. చివరికి ముందే ప్రింటు తీసి దాచుకునే బ్యాకప్ కోడ్‌లు, వీడియో కాల్‌లో పాస్‌పోర్ట్ చూపించి అకౌంట్ తెరిపించుకునే పద్ధతి పెట్టాకే ఎస్సెమ్మెస్ తీసేశారు. మన తెలుగు స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులో మాత్రం ఒక్కడూ నన్ను మెచ్చుకోలేదు. రాని ఇబ్బంది ఎవరికి కనపడుతుంది చెప్పు.

ఇంకో మీటింగు నేను ఎప్పటికీ మర్చిపోను. కోర్సుల రిజిస్ట్రేషన్‌కి కొత్త పోర్టల్ డెమో పెట్టారు. రంగులూ బొమ్మలూ భలే ఉన్నాయి. మా బోర్డులో చూపు లేని అమ్మాయి ఒకామె ఉంది. ఆమె ఏం వాదించలేదు. తన ల్యాప్‌టాప్‌లో అదే పేజీ తెరిచి, స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సౌండ్ పెంచి, ట్యాబ్ నొక్కుకుంటూ పోయింది. "బటన్. బటన్. బటన్. లింక్. బటన్." గదంతా అదే మోత. ఒక్క బటన్‌కీ పేరు పెట్టలేదు. "వీటిలో ఏది నొక్కితే నా కోర్సు పోతుందో ఎవరైనా చెబుతారా?" అని అడిగింది. డెమో ఇస్తున్నవాడి మొహం చూడాలి నువ్వు! ప్రభుత్వ యూనివర్సిటీల వెబ్‌సైట్లూ యాప్‌లూ వికలాంగులకి పనికొచ్చేలా ఉండాలని, దానికి డబ్ల్యూసీఏజీ 2.1 అనే వెబ్ ప్రమాణాలు పాటించాలని 2024 ఏప్రిల్‌లో ఇక్కడి న్యాయశాఖ రూలు తెచ్చింది. ఆ రూలు పేరు వాళ్ల స్లైడ్‌లో ఒక మూల ఉంది కూడా. చెవులతో విన్నాక గానీ ఆ లైనుకి అర్థమేంటో ఎవరికీ ఎక్కలేదు. పోర్టల్ తెరవడం వాయిదా వేశారు.

అన్నీ ఇలా జరగవులే. యూనివర్సిటీలకి అపరిమితంగా ఇస్తున్న స్టోరేజీ ఇక ఉండదని 2021 ఫిబ్రవరిలో గూగుల్ ప్రకటించింది. సంస్థ మొత్తానికి కలిపి ఉచిత వాటా 100 టెరాబైట్లు, పాత కస్టమర్లకి 2022 జులై నుంచి. 40,000 అకౌంట్లున్న చోట లెక్క వేసుకో, తలకి రెండున్నర జీబీ! మా దగ్గర బోర్డు దాకా ఆ సంగతి వచ్చేసరికి ఎవరికెంతో అన్నీ ఖాయమైపోయాయట. పిల్లలకి కోపం రాకుండా ఈమెయిల్ ఎలా రాయాలో చెప్పండని మాత్రం అడిగారట. నేను చేరకముందు సంగతి ఇది, సీనియర్లు ఇప్పటికీ తిట్టుకుంటారు.

డబ్బు చేతిలో ఉంటే కథ వేరేలా ఉంటుంది. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో స్టూడెంట్లు ఫీజులతో పాటు టెక్నాలజీ ఫీజని ఒకటి కడతారు. అక్కడి రాష్ట్ర చట్టం ప్రకారం దానికి విద్యార్థి సంఘం ఒప్పుకోవాలి, ఆ డబ్బు స్టూడెంట్లు వాడుకునే టెక్నాలజీకే ఖర్చు పెట్టాలి. దాన్ని ఎవరికివ్వాలో తేల్చేది స్టూడెంట్ల కమిటీయే. డిపార్ట్‌మెంట్ల వాళ్లు ప్రపోజల్ పట్టుకుని ఆ కమిటీ ముందుకొచ్చి, ఎందుకు కావాలో చెప్పుకోవాలి. వైవాలో మనం నిలబడ్డట్టు వాళ్లు నిలబడాలన్నమాట, తలుచుకుంటేనే కడుపు చల్లగా ఉంది. స్టూడెంట్లకి ల్యాప్‌టాప్‌లూ కెమెరాలూ ఊరికే అరువిచ్చే సెంటర్ ఆ డబ్బుతో నడిచేదే. అలాగని మాకూ అంత అధికారం ఇచ్చేయాలని నేననను. బడ్జెట్ ఫైళ్లు చదవమంటే మా వాళ్లలో సగం మంది పిజ్జా కూడా వదిలేసి పారిపోతారు.

అసలు అడగకపోతే ఏమవుతుందో కూడా చెబుతాను. కోవిడ్‌లో ఇళ్ల నుంచే పరీక్షలు కదా, ఒహాయోలోని క్లీవ్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీలో ఒక కెమిస్ట్రీ పరీక్షకి ముందు ఒక స్టూడెంట్‌ని వెబ్‌క్యామ్‌తో తన పడకగదంతా చూపించమన్నారు. అతను కోర్టుకెళ్లాడు. అలా గది చూడటం రాజ్యాంగవిరుద్ధమని 2022 ఆగస్టులో ఫెడరల్ జడ్జి తీర్పిచ్చాడు. స్టూడెంట్లని ముందు కూర్చోబెట్టి "మీ గది చూపించమంటే ఏమంటారు?" అని ఒక్కమాట అడిగుంటే సరిపోయేది కదరా.

ఇక మీ కాలేజీ సంగతి. 2023 యూజీసీ నిబంధనల్లో ఫిర్యాదుల కమిటీకి స్టూడెంట్‌ని ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలవమన్నారు చూడు, మార్కుల్నో ఆటల్నో చూసి ఎంచుకోమని. నువ్వు దయచేసి ఆ దారిలో పోకు. టాపర్లని పెడితే "అంతా బాగుంది సార్" అంటారు. పగిలిన స్క్రీన్ ఫోన్ వాడేవాణ్ని పెట్టు. పల్లె నుంచి బస్సులో వచ్చే అమ్మాయిని పెట్టు, హాల్ టికెట్ కోసం నెట్ సెంటర్లో ఎంత కట్టిందో అడుగు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాణ్ని పెట్టి, ఫీజు కట్టే పేజీలో ఇంగ్లీషు ఎర్రర్ మెసేజ్ చూపించి, ఏం అర్థమైందో చెప్పమను. రిజల్ట్స్ రోజు సర్వర్ పడిపోతే ఏం చేస్తారో వెండర్‌ని వాళ్ల ముందే అడుగు. ఇవన్నీ టెండర్ ఖాయం కాకముందే జరగాలి, తర్వాతైతే నీకూ టీ బిస్కెట్లే మిగులుతాయి. పిల్లలు చెప్పినదాంట్లో ఏది చేశారో, ఏది ఎందుకు కుదరలేదో తర్వాతి మీటింగులో చెప్పించు. మా దగ్గర ఇది తప్పినప్పుడల్లా ఇద్దరు ముగ్గురు రావడం మానేశారు.

ప్రిన్సిపాల్ గారికి ఇందులో పనికొచ్చేది చెప్పు, పిజ్జా సంగతి మాత్రం చెప్పకు. అన్నట్టు మా తర్వాతి మీటింగు ప్రింటింగ్ రేట్ల మీద. ఇక్కడ నల్లరంగు ప్రింటు ఒక్క పేజీకి పది సెంట్లు తీసుకుంటున్నారు. మీ గేటు ఎదురు జిరాక్స్ షాపులో పేజీకి ఎంతో కనుక్కుని, రేట్ల బోర్డు ఉంటే ఫొటో తీసి పంపు. మీటింగులో స్క్రీన్ మీద వేస్తాను.

నీ
మామ